లంచానికి వ్యావహారిక పదాలు

లంచం అనగా ప్రభుత్వోద్యోగి తన విధిలో భాగమైన పనిని చేయడానికి, చేయకుండా ఉండడానికి లేదా త్వరగా చేయడానికి ప్రజల నుండి అక్రమంగా గ్రహించే ధనం, వస్తువు లేదా ఇతర ప్రయోజనం. తెలుగునాట దీనిని అసలు పేరుతో పిలవడం అరుదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల పట్టణాలున్న పల్నాడుతో సహా ఆంధ్రదేశమంతటా దీనికి మామూలు, ముడుపు, ఆమ్యామ్యా, గీతం మొదలైన మారుపేర్లు వాడుకలో ఉన్నాయి. వీటిలో చాలా పదాలు అడుగుతున్నట్లు కనబడకుండా అడగడానికి ఉపయోగపడతాయి. చట్టం దృష్టిలో లంచం "అడగడం" కీలకమైన అంశం కనుక ఈ పదాలను కేవలం హాస్యంగా భావించరాదు.

పదాలు - అర్థాలు

* మామూలు: ఆచారంగా జరిగేది అని అర్థమిచ్చే అరబ్బీ పదం నుండి వచ్చినది. ప్రతి నెలా లేదా ప్రతి పనికీ ఇంత అని స్థిరపడిన లంచాన్ని ఇలా అంటారు. పేరులోనే అది తప్పు కాదు, అలవాటు అనే భావం ఇమిడి ఉన్నది.
* దస్తూరి: ఆచారం అనే అర్థం గల పారశీక పదం "దస్తూర్" దీనికి మూలం.
* నజరానా: పై అధికారికి గౌరవసూచకంగా సమర్పించే కానుక. నవాబుల కాలపు దర్బారు మర్యాద నుండి వచ్చినది.
* ముడుపు: దేవునికి మొక్కుకొని గుడ్డలో ముడివేసి ఉంచే ధనం. పెద్ద కాంట్రాక్టులకు సంబంధించిన లంచాల విషయంలో పత్రికలు ఈ పదాన్ని ఎక్కువగా వాడుతాయి.
* ఆమ్యామ్యా: హాస్యనటుడు అల్లు రామలింగయ్య నోట చలనచిత్రాల ద్వారా బాగా ప్రచారం పొందిన పదం.
* గీతం: "జీతం" అనే పదానికి ప్రాసగా పుట్టినది. "జీతం కన్నా గీతం ఎక్కువ" అంటే పైసంపాదన ఎక్కువ అని అర్థం.
* చేయి తడపడం, బల్ల కింద ఇవ్వడం: ఇచ్చేవాని చర్యను తెలిపే జాతీయాలు.
* గడ్డి తినడం: తీసుకొనేవానిని నిందించే మాట. పైవాటిలో కనిపించే మర్యాద దీనిలో లేదు.

వీటికి తోడు "కాఫీ ఖర్చులు", "పైవాళ్ళు కూడా ఉన్నారు", "మీ ఇష్టం" వంటి మాటలున్నాయి. పట్టాదారు పాసుపుస్తకం కోసం వచ్చిన రైతుతో "రుసుము ఇంత" అని చెబితే అతడు రసీదు అడుగుతాడు. "ఖర్చులుంటాయి" అని చెబితే అడగడు. ప్రభుత్వ రుసుముకు రసీదు ఉంటుంది, మామూలుకు ఉండదు.

పల్నాడు చరిత్రలో

పల్నాడు 1801లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చినది. గుంటూరు జిల్లాలో శిస్తు రాబడి క్షీణించడంతో మద్రాసు ప్రభుత్వం 1845లో వాల్టర్ ఇలియట్ ను విచారణకు నియమించింది. చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ ఈ జిల్లాపై 1965లో ప్రచురించిన గ్రంథంలో, గ్రామ కరణాల నుండి కలెక్టరు కచేరీలోని శిరస్తాదార్ల వరకు అల్లుకున్న సంబంధాలు అసలు సాగును, రాబడిని ప్రభుత్వానికి తెలియకుండా ఎలా దాచాయో వివరించాడు.

1921-22లో పల్నాటి రైతులు పుల్లరి సత్యాగ్రహం చేశారు. పుల్లరి అనగా అడవిలో పశువులను మేపినందుకు ప్రభుత్వం విధించిన పన్ను. ఇది లంచం కాదు. అయితే కింది స్థాయి అటవీ సిబ్బంది అక్రమ వసూళ్ళు, వేధింపులు మద్రాసు రాష్ట్ర రైతులు అంతకు ముందు నుండే చెప్పుకుంటున్న ఫిర్యాదులు. ఈ ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో మరణించాడు.

వంశపారంపర్యంగా వస్తున్న కరణం, మునసబు పదవులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. పదవులు పోయినా మామూలు అనే పదం పోలేదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది.

చట్టం

రాష్ట్రంలో అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. దీని ప్రకారం లంచం తీసుకొన్న ఉద్యోగికి 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. లంచం ఇవ్వడం కూడా నేరమే. ఒత్తిడికి లొంగి ఇచ్చినవారు 7 రోజులలోగా ఫిర్యాదు చేస్తే వారికి ఇది వర్తించదు.

ముందుగా ఫిర్యాదు అందినపుడు శాఖ వారు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి ఇస్తారు. ఆ నోట్లను తాకిన చేతిని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే ద్రావణం గులాబీ రంగుకు మారుతుంది. ఈ పరీక్ష నోట్లను తాకినట్లు మాత్రమే చూపుతుంది, అడిగినట్లు చూపదు.

న్యాయస్థాన తీర్పులు

ఈ భేదం ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన రెండు కేసులలో స్పష్టమైనది. చౌకధరల దుకాణం డీలరు నుండి 250 రూపాయలు తీసుకొన్నట్లు ఒక మండల రెవెన్యూ అధికారిపై వచ్చిన కేసును సుప్రీంకోర్టు 2014లో కొట్టివేసింది. ఫిర్యాదుదారుడే మాట మార్చాడు. నోట్లు దొరికినంత మాత్రాన నేరం రుజువు కాదని, అడిగినట్లు రుజువు కావాలని కోర్టు చెప్పింది. టైపు శిక్షణ సంస్థ గుర్తింపు పునరుద్ధరణకు సంబంధించిన మరొక కేసులో ఫిర్యాదుదారుడు విచారణకు ముందే మరణించాడు. 2015లో అదీ వీగిపోయినది.

2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాన్ని పరిష్కరించింది. అడగడం, తీసుకోవడం తప్పక రుజువు కావాలి. కాని ఫిర్యాదుదారుడు మరణించినా, ఎదురు తిరిగినా ఇతర సాక్ష్యాల ద్వారా, పరిస్థితుల ద్వారా వాటిని రుజువు చేయవచ్చు. ఉద్యోగి అడగకున్నా, ఇవ్వజూపిన లంచాన్ని స్వీకరిస్తే అదీ నేరమే.

కనుక లంచం అడిగినపుడు ఉద్యోగి పలికిన మాటలను, అవి "కాఫీ ఖర్చులు" అయినా "మీ ఇష్టం" అయినా, తేదీతో సహా ఉన్నవి ఉన్నట్లు ఫిర్యాదులో వ్రాయడం ముఖ్యం. మారుపేరు వెనుక ఉన్న అర్థాన్ని నిరూపించడానికి ఆ మాటలు, అవి పలికిన సందర్భమే ఆధారం అవుతాయి.