ఒకే డిస్కు, రెండు లెక్కలు

గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో ఏ రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) ఏ వరసలో ఉన్నాయో రాసిన రిజిస్టరు పోతే, సరుకు కళ్లముందే ఉన్నా చేతికి రాదు. కంప్యూటర్ డిస్కులో ఆ రిజిస్టరు పని చేసేది మెటాడేటా: ఫైలు పేరు, పరిమాణం, దాని ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయన్న లెక్క. మిర్చి యార్డు కమీషన్ దుకాణంలో తక్‌పట్టీలు, రైతుల ఖాతాలు ఒక్క డిస్కు మీదే ఉంటే, కనీసం ఆ మెటాడేటానైనా రెండుచోట్ల రాసి తీరాలి.

ఈ ఆలోచన పాతదే. 1984లో మెక్‌కూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ వివరించిన బర్క్‌లీ ఫాస్ట్ ఫైల్ సిస్టమ్, మొత్తం ఫైల్ సిస్టమ్ వివరాలుండే కీలకమైన సూపర్‌బ్లాకుకు ప్రతి సిలిండర్ గ్రూపులోనూ నకలు పెట్టింది. ఒక పళ్లెం మొత్తం పాడైనా అన్ని నకళ్లూ పోకుండా, గ్రూపు గ్రూపుకూ వాటి చోటును కొంచెం కొంచెం జరిపింది. ఎంత ముందుచూపు! డాస్ కాలపు ఫ్యాట్ పట్టికకూ రెండు ప్రతులున్నాయి గానీ, అవి పక్కపక్కనే ఉండేవి. రెండూ విభేదిస్తే ఏది నిజమో తేల్చే సాక్షి లేదు. ఆ సాక్షి, బ్లాకులోని విషయం నుంచి లెక్కగట్టి దాచే సంఖ్య అయిన చెక్‌సమ్. క్రిస్ మేసన్ 2007లో తెచ్చిన బిటిఆర్‌ఎఫ్‌ఎస్‌లో 'డప్' పద్ధతి పెట్టుకుంటే, మెటాడేటా బ్లాకు చదివేటప్పుడు చెక్‌సమ్ సరిపోకపోతే అదే డిస్కులోని రెండో ప్రతిని తీసుకుని మొదటిదాన్ని సరిదిద్దుతుంది. ఇది లేనిపోని భయం కాదు: 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో 15.3 లక్షల డిస్కులను 41 నెలలు గమనిస్తే, 4 లక్షలకు పైగా చెక్‌సమ్ తేడాలు కనబడ్డాయి.

జర్నల్ చాలదా అంటారు. కరెంటు పోయి సగంలో ఆగిన మార్పులను జర్నల్ చక్కదిద్దుతుంది; ఎప్పుడో రాసిపెట్టిన బ్లాకు తర్వాత చెడిపోతే అది చేయగలిగింది లేదు. ఎస్‌ఎస్‌డీలో రెండు ప్రతులూ ఒకేసారి రాస్తే ఒకే చోట పడి, రెండూ కలిసే పోవచ్చన్న అభ్యంతరం మాత్రం బలమైనది. అందుకే బిటిఆర్‌ఎఫ్‌ఎస్‌లో చాలాకాలం ఎస్‌ఎస్‌డీకి ఒక్క ప్రతే రాశారు. 2021లో దాని సాధనాల 5.15 వెర్షన్ నుంచి ఒంటరి డిస్కు ఏ రకమైనా డప్‌నే సహజ పద్ధతిగా చేశారు. ఆ నిర్ణయం సరైనదే, ఎందుకంటే మెటాడేటా తినే చోటు స్వల్పం, అది పోతే జరిగే నష్టం అపారం. అయితే డప్‌కూ హద్దులున్నాయి: మెమరీలోనే తప్పు దొర్లితే రెండు ప్రతులూ తప్పుగానే వస్తాయి. డిస్కే చస్తే రెండూ పోతాయి. బ్యాకప్ చేయాల్సిన పనిని డప్ చేయదు. విండోస్ ఎన్‌టిఎఫ్‌ఎస్ అయితే తన మాస్టర్ ఫైల్ టేబుల్‌లో మొదటి నాలుగు రికార్డులకే నకలు ఉంచుతుంది కాబట్టి, అక్కడ బ్యాకప్ అవసరం ఇంకా ఎక్కువ. లినక్స్‌లో బిటిఆర్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లు మెటాడేటాను డప్‌కు మార్చి, ఆపైన స్క్రబ్ నడిపి రెండు ప్రతులనూ చదివించాలి. ఈ పనిని యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజుల్లో పెట్టుకుంటే వ్యాపారానికి అడ్డం రాదు.