వేసవి సెలవులలో పిల్లలకు ఈత

సెలవులు రాగానే తల్లిదండ్రులు పిల్లలను ఈతకు, పరుగుకు, సైకిలుకు ఒక్కసారిగా పంపుచున్నారు. ఉత్సాహము మంచిదే. కాని ఎండకాలమున దేహబలము సహజముగనే క్షీణించును. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున అర్ధశక్తి వ్యాయామమును శీతకాలమునకు, వసంతమునకు విధించి, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపుమనిరి. బాలురకు వ్యాయామమే వలదనిరి. కావున ఆటగా సాగు ఒక్క విద్యను నేర్పిన చాలును. వానిలో ప్రాణరక్షకమైన ఈత శ్రేష్ఠము, ఆడపిల్లలకును నేర్పవలెను.

నా బాల్యమున ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలో దింపెడివారు. గట్టున పెద్దవారొకరు తప్పక నిలిచెడివారు. నేడు పిల్లలు ఒంటరిగా చెరువులకు, కాలువలకు పోయి మునిగిపోవుచున్నారు.

నేర్పు విధము: ఉదయము 6 నుండి 7 గంటల నడుమ అరగంట చాలును. మొదటి వారము నడుములోతు నీటిలో ముఖము ముంచి శ్వాస విడుచుట, రెండవ వారము గట్టు పట్టుకొని కాళ్లాడించుట, పిమ్మట చేతులు. కడుపునిండ భుజించిన వెంటనే దింపరాదు.

అలసటకు గుర్తు నుదుటి చెమట. నీటిలో అది కనబడదు. కావున రొప్పు, వణుకు, పెదవులు నల్లబడుట కనిపించిన తక్షణమే బయటకు తీయవలెను. జ్వరము, చెవిపోటు, చీము ఉన్నచో మాన్పవలెను. మూర్ఛలు వచ్చు పిల్లల విషయమున వైద్యుని అడుగక దింపరాదు.

పిమ్మట ఉప్పు, అల్లము, కరివేపాకు కలిపిన పలుచని మజ్జిగ ఇవ్వవలెను. వారమునకు రెండుమార్లు నువ్వులనూనె మర్దించి పెసరపిండితో స్నానము చేయించిన చర్మము పొడిబారదు.

పిల్లలు నీటిలో నున్నంతసేపు చేయి చాచిన అందునంత దూరమున పెద్దవారుండవలెను. ఈ సెలవులలో ఆ గట్టున మీరే నిలువుడు.