పేరు, అక్షరము, మర్యాద



నేను బొగ్గుగనుల నడుమనున్న రామకృష్ణాపూరు వాడను. మా వైపున గనిని ‘బాయి’ యందురు. కొన్ని దినముల క్రిందట మా వీధిలోని యొక వృద్ధ కార్మికుడు తన కాగితములు చదివించుకొనుటకై నాయొద్దకు వచ్చెను. కాగితములలో నున్న పేరు వేఱు. మేమందఱము ఆయనను పిలుచు పేరు వేఱు. పూర్వము పని దొరకుటకై యొకరి పేరుతో మఱియొకరు బాయిలో చేరిన సంగతి మా ప్రాంతమువారికి తెలిసినదే. మాఱుపేరని దానికి వాడుక. కాగితములు మడిచిపెట్టుకొనుచు ఆయన నన్నిట్లడిగెను: “సారూ, బాయిల ఒక పేరాయె, ఇంట్ల ఒక పేరాయె. సచ్చినంక నన్ను ఏ పేరుతోటి తలుసుకుంటరు?”

అప్పుడు నాకు సమాధానము తోచలేదు. తరువాత ఆలోచింపగా, పేరు కొఱకును అక్షరము కొఱకును పాటుపడిన ముగ్గురు మహనీయులు జ్ఞప్తికి వచ్చిరి. ఇద్దఱు అమెరికా దేశీయులు. ఒకరు మన హైదరాబాదువారు.

మొదటివారు ఫ్రెడరిక్ డగ్లస్. ఈయన 1818లో మేరీలాండు రాష్ట్రమున బానిసగా జన్మించెను. బానిస యనగా కూలివాడు కాడు. కూలివాడు ప్రొద్దు క్రుంకిన పిదప తన యింటికి పోవును. బానిసకు తన దేహమే తనది కాదు. పశువువలె సంతలో అమ్ముదురు. బాల్టిమోరు నగరమున యజమానుని భార్య యీ బాలునకు అక్షరములు నేర్ప నారంభింపగా, యజమానుడు మాన్పించెను. చదువు వచ్చినవాడు బానిసగా నుండడని యాతని భయము. ఆ భయమే బాలునకు త్రోవ చూపెను. దొర దేనికి వెఱచుచున్నాడో దానిలోనే తన విముక్తి యున్నదని గ్రహించి, వీధిలోని తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి వారివలన చదువ నేర్చెను. 1838 సెప్టెంబరులో స్వతంత్రుడైన యొక నల్ల నావికుని కాగితమును ఎరువు పుచ్చుకొని, నావికుని వేషమున రైలెక్కి పాఱిపోయెను. అనగా ఆయన స్వేచ్ఛకు మొదటి మెట్టు పరుని పేరే! ఉత్తరదేశము చేరిన పిదప ‘బెయిలీ’ యను పాత ఇంటిపేరు విడిచి, ‘డగ్లస్’ అను క్రొత్త పేరు ధరించెను. 1845లో ఆత్మకథ ప్రకటించినపుడు, పట్టుబడు ప్రమాదమున్నను, తన్ను బానిసగా నుంచుకొన్నవారి పేర్లను దాచక వ్రాసెను. ఆంగ్లదేశపు మిత్రులు ధనమిచ్చి 1846లో ఆయనకు విముక్తి సంపాదించిరి.

రెండవవారి కథ మా గనులవారికి మఱింత చేరువ. బుకర్ వాషింగ్టన్ 1856లో వర్జీనియా రాష్ట్రమున బానిసయైన తల్లికి పుట్టెను. 1865లో బానిసత్వము రద్దైన తరువాత ఆ కుటుంబము పశ్చిమ వర్జీనియాకు పోయెను. అక్కడ ఆ బాలుడు ఉప్పు బట్టీలలోను, పిమ్మట బొగ్గుబాయిలోను పనిచేసెను. బాయిలో త్రోవ తప్పినవేళ దీపము కూడ ఆఱిపోయిన నెట్లుండునో ఆయన తన జీవితకథలో వ్రాసినాడు. ఆ బాధ మాకు వేఱుగ చెప్పనక్కఱలేదు. బడిలో పేర్లు పిలుచునపుడు తక్కిన పిల్లలకు రెండేసి పేర్లుండుట చూచి, తన వంతు వచ్చునప్పటికి ‘బుకర్ వాషింగ్టన్’ అని నిబ్బరముగ చెప్పెను. ఆ యింటిపేరు ఆ క్షణమున తాను పెట్టుకొన్నదే. ఒకనాడు బాయిలో ఇద్దఱు కార్మికులు హాంప్టన్ అనుచోట నల్లవారికి గొప్ప పాఠశాల కలదని చెప్పుకొనుచుండగా, చీకటిలో మెల్లగ వారి దగ్గఱకు జరిగి వినెను. 1872లో సుమారు ఐదువందల మైళ్లు, కొంత బండ్లమీద, కొంత కాలినడకను, అక్కడికి చేరెను. ఒక గదిని మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు దుమ్ము తుడుచుటయే ఆయన ప్రవేశపరీక్ష. 1881లో టస్కెగీయందు విద్యాలయము నారంభించెను. విద్యార్థులే ఇటుకలు కాల్చి భవనములు కట్టిరి. ముందు చేతిపని, స్థిరమైన జీవనము. రాజకీయపు హక్కులకు తొందర వలదని ఆయన మతము. ఇది లొంగుబాటని డుబాయిస్ పండితుడు 1903లో ఖండించెను. ఆ ఖండనమున న్యాయము కలదు. ఐనను చదువులేని వేలమందికి పని నేర్పి నిలబెట్టుట అల్పకార్యము కాదు.

ఇక మనవారు. మాదరి భాగయ్యగారు 1888 మే 22వ తేదీన హైదరాబాదులో, అంటరానివారని దూరముంచిన మాల కుటుంబమున జన్మించిరి. వారి కులగురువు భాగ్యరెడ్డి యని పేరు పెట్టెను. రెడ్డి శబ్దము ‘ఱేడు’ నుండి వచ్చినదనియు, ఈ నేలకు తొలి యేలికలు ఈ జనులేననియు గురువుగారి భావము. 1913లో ఆర్యసమాజమువారు ‘వర్మ’ బిరుదమునిచ్చిరి. ‘ఓరీ’ యని పిలువబడువానికి ఱేడను పేరు! ఆనాడిది యెంత సాహసమో పెద్దలు మీరే యూహింపుడు.

భాగ్యరెడ్డివర్మగారు తమ యొక్కరి పేరుతో తృప్తి చెందలేదు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, భజనలు, హరికథల మూలమున జనులను కూడగట్టిరి. 1911లో అది మాన్య సంఘమయ్యెను. కల్లు, సారాయి మానుడనిరి. దేవతలపేర జంతుబలి వలదనిరి. ఆడుబిడ్డలను జోగినులుగ విడుచుట పాపమనిరి. ఉర్దూ రాజభాషగా నున్న నిజాము రాజ్యమున తెలుగు బడులు తెఱచిరి. క్రమముగ అవి 26 పాఠశాలలై, సుమారు 2,500 మంది పిల్లలకు చదువు చెప్పినవి. 1917 నవంబరులో బెజవాడ యందు జరిగిన పంచమ మహాజన సభకు వారధ్యక్షులు. పంచములనగా ఐదవవారు; మేము ఐదవవారము కాము, ఈ నేలకు ఆదివాసులమని వారు వాదింపగా, సభ పేరే ‘ఆది ఆంధ్ర’ యని మాఱెను. 1931 జనాభా లెక్కలలో నిజాము రాజ్యమున ‘ఆది హిందువులు’ అను పేరెక్కినది. ఒక్కనికి పేరు పెట్టుట గురువు చేసిన పని. ఒక జనసమూహమునకు పేరు సాధించుట ఈయన చేసిన పని. 1939 ఫిబ్రవరి 18న వారు కాలధర్మము నొందిరి.

ఈ రెండు దేశముల కథ యొకటేయని చాటిన ఘట్టము మఱియొకటి కలదు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశమునకు వచ్చినపుడు, కేరళమున నొక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లలకు ఆయనను ‘అమెరికానుండి వచ్చిన తోటి యంటరానివాడు’ అని పరిచయము చేసెను. మొదట ఆయన మనస్సు చివుక్కుమన్నది. ఆలోచింపగా అది నిజమేయని యొప్పుకొన్నాడు. 1968లో మెంఫిస్ నగరమున చెత్త యెత్తు కార్మికులు సమ్మె చేసి, ‘నేను మనిషిని’ అని వ్రాసిన అట్టలు ధరించి వీధులలో నడచిరి. వారికి తోడు నిలువబోయిన కింగ్ ఏప్రిలు 4న ఆ యూరనే తుపాకిగుండుకు బలియయ్యెను. ఆ కార్మికులు కోరినది కూలియే కాదు. మనిషి యను పేరు.

ఈ కథలన్నియు ఆ వృద్ధునకు చెప్పితిని. ఆయన మనుమరాలు బడిలో చదువుచున్నది. ఆమె నోటుపుస్తకమున తాత రెండు పేర్లును, ఏ పేరు ఎట్లు వచ్చినదియు, ఆయన చెప్పుచుండగా వ్రాయించితిని. ఆయన చాలసేపు ఆ పుటపై చేయి యానించి కూర్చుండెను.

పెద్దలారా, మన యూళ్లలో నేటికిని కొందఱి పేరును సగము విఱిచి, చివర ‘గాడు’ చేర్చి పిలుచువారు కలరు. వయసున పెద్దవారినైనను కులమునుబట్టి ఏకవచనమున పిలుచుట మనకు వినని విషయము కాదు. దీనిని మానుటకు చట్టము వలదు, చందా వలదు, సభ వలదు. రేపు తెల్లవాఱగానే మీ వాకిటికి వచ్చిన మనుష్యుని అతని నిండు పేరుతో, ‘గారు’ చేర్చి పిలువుడు. అతడు ఒక్కసారి ఆగి మీ వంక చూచును. ఆ చూపు ఏమి చెప్పునో మీరే తెలిసికొందురు.