పొగలేని పొయ్యి: శుభ్రత, మరమ్మతు

అనంతపురం పీఠభూమిలో ఏటా కురిసే వాన సుమారు 55 సెంటీమీటర్లు; అదైనా వేళకు కురుస్తుందన్న నమ్మకం లేదు. ఇటువంటి చోట అడవి కట్టె దొరకడం కష్టం. కందికట్టె, తుమ్మకంప, పిడకలు, వేరుసెనగ పొట్టు, ఇవే వంటచెరకు. గ్యాసు వచ్చిన ఇళ్ళలో సైతం నీళ్ళు కాచుకోవడానికి, పదిమందికి సంగటి వండడానికి కట్టెల పొయ్యి రాజేయడం మానలేదు.

గొట్టం పెట్టిన పొయ్యి కొత్తలో బాగా పనిచేస్తుంది. వంటగది తేటగా ఉంటుంది, కళ్ళు మండవు. కొన్ని నెలలు గడిచేసరికి పొగ మళ్ళీ లోపలికే తిరుగుతుంది. “ఇది మన ఇంటికి పనికిరాదు” అని ఇల్లాలు పాత మూడు రాళ్ళ పొయ్యికే పోతుంది. నిజానికి పొయ్యి చెడలేదు, గొట్టం పూడింది.

ఈ కథకు మన దగ్గరే పాత ఆరంభం ఉన్నది. 1950 తరువాతి తొలి సంవత్సరాలలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజు మట్టితో ఒక పొయ్యిని రూపొందించారు. ఒకే మంట మీద ఒకటికి మించిన కుండలు, పొగ పోవడానికి గొట్టం, ఆ గొట్టంలో గాలిని హెచ్చించడానికీ తగ్గించడానికీ ఒక రేకు, ఇవి దాని ప్రత్యేకతలు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. 2002లో దానిని ముగించేనాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచారు. పెట్టిన పొయ్యిలను ఏటేటా చూసేవారు మాత్రం తక్కువ. ఒడిశా పల్లెలలో హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు ఇటువంటి పొయ్యిలను నాలుగేళ్ళు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. మొదటి ఏడాది వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. ఆ తరువాత ఆ తేడా నిలవలేదు. పొయ్యిని సరిగా వాడకపోవడం, మరమ్మతు మానివేయడం ఇందుకు కారణాలుగా తేలినవి.

ఇంతకూ గొట్టం పొగను ఎట్లా లాగుతుంది? బయటి గాలి 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఘనమీటరుకు సుమారు 1160 గ్రాములు తూగుతుంది. గొట్టంలోని వేడి వాయువు 150 డిగ్రీల దగ్గర సుమారు 830 గ్రాములే. గొట్టం ఎత్తు 3 మీటర్లయితే, ఒక చదరపు మీటరు మీద తేడా కిలోగ్రాముకు కొంచెం తక్కువ. ఇది ఒక మిల్లీమీటరు ఎత్తు నీటి పీడనంతో సమానం! వంటగదినంతా తేటపరచే బలం ఇంతే. ఇంత స్వల్పమైన బలానికి చిన్న అడ్డయినా పెద్ద అడ్డే.

ఆ అడ్డు మసి. పచ్చికట్టె కాలినప్పుడు, గాలి చాలనప్పుడు, పూర్తిగా మండని కార్బను నలుసులు, తారు ఆవిరి పైకి పోతాయి. గొట్టం పైభాగం చల్లగా ఉంటుంది కనుక అక్కడ తారు జిగురై అంటుకొని నలుసులను పట్టుకుంటుంది. 10 సెంటీమీటర్ల గొట్టంలో చుట్టూ ఒక సెంటీమీటరు మసి పట్టిందనుకోండి. మిగిలిన దారి 8 సెంటీమీటర్లు. వైశాల్యం నూటికి 64 పాళ్ళే. రెండు సెంటీమీటర్లు పడితే 36 పాళ్ళు. లెక్కల తరగతిలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. పైగా ఈ తారు ఒక్కోసారి గొట్టంలోనే అంటుకుంటుంది. బోదకొట్టాలలో ఇది చిన్న ప్రమాదం కాదు.

శుభ్రం చేయడానికి ముందు పొయ్యి పూర్తిగా చల్లారాలి. బూడిద కింద నిప్పు మర్నాటిదాకా బ్రతికే ఉంటుంది. ఆ బూడిదను ఇనుప గమేళాలోకే తీయాలి. కుండల కన్నాలను తడి గోనెసంచులతో మూసి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. మిద్దె ఎక్కి గొట్టం టోపీ తీసి, కొబ్బరిపీచు ఉండను తాడుకు కట్టి, దాని కింద ఒక రాయి వేలాడదీసి, పైనుంచి కిందికి పలుమార్లు ఆడించాలి. రాలిన మసి గొట్టం అడుగున చేరుతుంది. చాలామంది పని ఇక్కడితో ఆపుతారు. అసలు పూడిక తరచు మొదటి కుండకూ రెండవ కుండకూ నడుమనున్న సొరంగంలోనే ఉంటుంది. రెండవ కుండ కాగడం లేదంటే గుర్తు అదే. చేయి పెట్టి, కొబ్బరిచిప్పతో ఆ బూడిదంతా తోడివేయాలి. నీళ్ళు పోస్తే మట్టి కరుగుతుంది.

పాత పొయ్యిలలో కొన్నిటికి ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలున్నవి. వాటిని పొడిగా గీకరాదు, కోయరాదు. దాని పోగులు ఊపిరితిత్తులలో చేరితే పోవు. పగిలినదాన్ని తడిపి, ముక్కలు చేయకుండా తీసివేయడమే మంచిది.

ఇక పగుళ్ళు. పగులులోనుంచి చల్లని గాలి దూరి గొట్టంలోని వాయువును చల్లారుస్తుంది, లాగే బలం తగ్గుతుంది. కుండకూ అంచుకూ మధ్య సందున్నా ఇంతే. నల్లరేగడి ఒక్కటే పూస్తే ఆరేటప్పుడు కుంచించుకొని మళ్ళీ పగులుతుంది. ఎర్రమట్టిలో ఇసుక, తరిగిన గడ్డి, పేడ కలిపి నాననివ్వాలి. పగులును కొంచెం వెడల్పు చేసి, నీళ్ళు చల్లి, తరువాతనే మెత్తాలి. పొడిగోడ మీద మెత్తిన మట్టి పెచ్చుగా ఊడుతుంది. నీడన ఆరిన తరువాత మొదట చిన్న మంటే పెట్టాలి.

వేరుసెనగ పొట్టును నేరుగా పొయ్యిలో పోస్తే గాలి ఆడక కుములుతుంది. ఘనమీటరు పొట్టు నూరు కిలోల లెక్కన తూగుతుంది. దానిని అదిమి గుళికలు చేస్తే ఆరు వందల కిలోల దాకా పడుతుంది. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రూపొందించిన ఊర్జా పొయ్యి ఇటువంటి వ్యవసాయపు చెత్త గుళికలతో మండేది. చిన్న విద్యుత్ పంకా కింది జల్లెడగుండా కొంత గాలిని, పై కన్నాలగుండా కొంత గాలిని పంపేది. 2006 తరువాత కొద్ది ఏళ్ళలో సుమారు నాలుగు లక్షలు అమ్ముడయినవి. గుళికల ధర పెరగడంతో చాలా ఇళ్ళలో మూలపడినవి.

అటువంటి పొయ్యికి మసికంటె చిట్టెం పెద్ద బెడద. వేరుసెనగ నేలలో కాసేది కనుక పొట్టుకు మట్టి అంటి వస్తుంది. ఆ మట్టిలోని ఇసుక, బూడిదలోని పొటాషియం వేడికి కరిగి, చల్లారాక రాయిలా జల్లెడకు పట్టుకుంటాయి. దానిని పుల్లతో మెల్లగా పెకలించి, ప్రతి కన్నంలోనూ సన్నని తీగ దూర్చి చూడాలి. ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి, పంకా రెక్కల మీది దుమ్మును మెత్తని కుంచెతో తుడవాలి.

గొట్టం పొయ్యి బాగుపడిందో లేదో తేల్చుకోవడానికి పరికరాలక్కరలేదు. గొట్టం కాస్త వేడెక్కేలా గుప్పెడు ఎండుకంప మండించి, ఆ మంట తగ్గాక, వెలిగించిన అగరువత్తిని పొయ్యి నోటి దగ్గర పట్టుకోవాలి. పొగ లోపలికి వంగితే దారి తెరుచుకున్నట్టు. నిలువుగా లేచినా, బయటికి వాలినా మళ్ళీ ఆ సొరంగంలో చేయి పెట్టవలసిందే.