పాలు చాలట్లేదని డబ్బా తెప్పించే ముందు

కాన్పయిన రెండో రోజుకే చాలా ఇళ్లలో మొదలయ్యే మాట: "అమ్మాయికి పాలు పడలేదు, డబ్బా పాలు తెప్పించండి." కంగారు అక్కర్లేదు. పాలు నిండుగా పడేది సాధారణంగా 2 నుంచి 5 రోజుల్లో. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

అప్పటిదాకా వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాల లెక్కే. పసికందు పొట్టా అంత చిన్నదే. రోగాలను అడ్డుకునే శక్తి వీటిలో ఉంది, పిండి పారబోయొద్దు. పుట్టిన గంటలోపే పట్టించాలి.

బిడ్డ ఎంత తాగితే అంత పాలు ఊరతాయి. డబ్బా పాలతో కడుపు నిండితే రొమ్ము పట్టదు, పాలు ఇంకా తగ్గిపోతాయి. అందుకే రాత్రిళ్లతో కలిపి రోజుకు 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. లేదంటే మొన పగిలి తల్లికి నొప్పి, బిడ్డకు ఆకలి.

సరిపోతున్నాయా? ఐదో రోజు నుంచి రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తే సరిపోతున్నట్టే. మొదట్లో కాస్త బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా తిరిగి రావాలి. మూత్రం తగ్గినా, పాలకు లేవకుండా మత్తుగా పడుకున్నా, ఒళ్లు పచ్చబడుతున్నా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

తహ్నీక్ పేరుతో కొందరు దాదీ, నానీలు తేనె నాకిస్తారు. ఏడాది నిండేదాకా తేనె వద్దు, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. ఖజూర్‌తో చేయాలనుకున్నా ముందు పిల్లల డాక్టర్‌ని అడగండి. ఘుట్టీ, నీళ్లు కూడా ఆరు నెలల దాకా అవసరం లేదు.