సొంత పొయ్యి లేని జీవి

పెనుకొండ వైపు మల్బరీ తోటల్లో పండిన పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కు వస్తాయి, పట్టుదారం ధర్మవరం మగ్గాలకెక్కుతుంది. ఆ దారాన్ని మొదట్లోనే తెంచేయగల జీవి నొసీమా బాంబిసిస్, పెబ్రిన్ రోగకారకం. అది సోకితే పురుగులు ఒక్క తీరున ఎదగవు. కొన్ని జ్వరం లేచి, అంటే పొర విడిచి, ఆకు మేస్తుంటే కొన్ని ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలతో చిన్నగానే మిగిలిపోతాయి. రోగం తల్లి నుంచి గుడ్డుకు దిగుతుంది. అందుకే గుడ్లు పెట్టిన తల్లి రెక్కల పురుగును నూరి, ఆ రసాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తారు. 1860లలో లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో నిలబెట్టిన పద్ధతి ఇది. మెరిసే కోలగింజల్లాంటి బీజాలు కనబడితే ఆ గుడ్లు పనికిరావు.

ఈ జీవికి సొంత వంట లేదు. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఆనవాళ్లుగా మాత్రమే మిగిలాయి. పురుగు కణంలోని శక్తి అణువైన ఏటీపీని అది నేరుగా లాక్కుంటుంది. అన్నీ దొరికేచోట ఉన్నదానికి ఆకలిని కనిపెట్టే జన్యువులెందుకు అనిపించవచ్చు. నేను దీన్ని తిరగేసి చూస్తాను: పొయ్యి లేనివాడే పక్కింటి గాదెను క్షణక్షణం గమనించాలి.

దీనికి గట్టి సాక్ష్యం మలేరియా క్రిమి ఇచ్చింది. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో పట్టుకున్నది ఈ కోవకు చెందిన క్రిమినే. 2017లో వెలువడిన పరిశోధనలో ఎలుకల మేతను సుమారు మూడో వంతు తగ్గిస్తే వాటి మలేరియా క్రిములు జన్యువుల పనితీరు మార్చుకుని తక్కువ పిల్లలను కన్నాయి. తిండిలేక నీరసించాయి, అంతేగా అనొచ్చు. కానీ కిన్ అనే ఎంజైము జన్యువును తీసేసిన క్రిములు అవే ఆకలి ఎలుకల్లో వెనక్కి తగ్గలేదు. నీరసమే కారణమైతే అవీ తగ్గాల్సింది. అదే ఏడాది ఇంకో సంగతి తేలింది: లైసోఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే కొవ్వు పదార్థం తగ్గితే ఏపీ2-జి జన్యువు మేల్కొని, మరిన్ని క్రిములను దోమలోకి దాటే రూపాలకు మళ్లిస్తుంది. కరువులో పని దొరక్క బెంగళూరు బస్సెక్కినట్టే.

మలేరియా రుజువు నొసీమాకు చెల్లుతుందా? పోషకాలను పసిగట్టే టార్ వ్యవస్థను నొసీమా దగ్గరి బంధువులు కొన్ని పోగొట్టుకున్నాయన్నది నిజమే. ఆ వ్యవస్థ మలేరియా క్రిమిలోనూ పూర్తిగా లేదు, అయినా కిన్ పనిచేసింది. పైగా నొసీమా రెండు రకాల బీజాలు కడుతుంది: ఒకటి అదే పురుగులో కణం నుంచి కణానికి పాకడానికి, మరొకటి మందపాటి గోడతో బయట కాచుకోవడానికి. ఆకలి సంకేతాన్ని వెతకాల్సింది ఈ మలుపు దగ్గరేనని నా నమ్మకం. అలాగని పరాన్నజీవిని తగ్గించాలని పురుగును పస్తుంచలేం. జీవితంలో మేసే ఆకులో ఎనభై శాతానికి పైగా అది ఐదో దశలోనే మేస్తుంది. అప్పుడు కడుపు మాడిస్తే పరాన్నజీవి కన్నా ముందు గూడే పలచబడుతుంది.