ఉత్తర ధ్రువం ముందు ఎవరు చేరారు? ‘కీ’లో ఉన్నది సగం జవాబే!

జీకే పుస్తకంలో ‘ప్రపంచంలో ప్రథములు’ పేజీ తీయండి. ఉత్తర ధ్రువం: రాబర్ట్ పియరీ, 1909. దక్షిణ ధ్రువం: రోఆల్డ్ అముండ్‌సెన్, 1911. గ్రూప్స్‌కో, రైల్వేకో ప్రిపేరయ్యేవాళ్లు ఈ రెండు లైన్లూ ఎప్పుడో బట్టీ కొట్టేసి ఉంటారు. పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి రెండూ ఒకేలాంటి నిజాలే అనుకుంటాం. రెండోదాని మీద ఎవరికీ పేచీ లేదు. మొదటిదాని మీద మాత్రం వందేళ్లు దాటినా గొడవ తెగలేదు.

పియరీ పడిన కష్టమేమీ తక్కువ కాదు. మంచుకి కాలివేళ్లు చాలావరకు పోగొట్టుకున్న మనిషి. అమెరికా నేవీలో సివిల్ ఇంజినీరు, అంటే ఒక రకంగా మన బ్రాంచివాడే. తేడా అంతా రికార్డుల దగ్గర వచ్చింది. రెజ్యూమెలో ‘ప్రాజెక్ట్ లీడ్’ అని రాసుకుని ఇంటర్వ్యూకి వెళ్లబోతున్నారా? అయితే ఈ కథ మీకోసమే.

వారంలోపే ఇద్దరు ‘ఫస్టు’లు

1909 సెప్టెంబరు 1న స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల నుంచి ఒక టెలిగ్రామ్ వెళ్లింది. ఫ్రెడరిక్ కుక్ అనే అమెరికన్ డాక్టర్, ఇద్దరు ఇన్యూట్ యువకులతో కలిసి 1908 ఏప్రిల్ 21నే ధ్రువం చేరానని ప్రకటించాడు. ఐదు రోజులు తిరక్కుండానే కెనడా తీరంలోని లాబ్రడార్ నుంచి పియరీ కబురు: 1909 ఏప్రిల్ 6న ధ్రువం నాదే అని. న్యూయార్క్ హెరాల్డ్ కుక్ వైపు, న్యూయార్క్ టైమ్స్ పియరీ వైపు నిలబడ్డాయి. అంతకు 18 ఏళ్ల క్రితం గ్రీన్‌లాండ్ యాత్రలో పియరీ కాలు విరిగితే కట్టు కట్టింది ఈ కుక్కే!

కుక్ కథ త్వరగానే తేలిపోయింది. అసలు నోట్సులు, పరికరాలు గ్రీన్‌లాండ్‌లో ఒక స్నేహితుడి దగ్గర వదిలేసి వచ్చానన్నాడు. ఆ స్నేహితుడు వాటిని తేబోతే, కుక్ సామాను తన ఓడ ఎక్కడానికి వీల్లేదన్నాడు పియరీ. చేసేదిలేక అక్కడే వదిలేశారు. అవి మళ్లీ ఎవరికీ దొరకలేదు. 1909 డిసెంబరులో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం కుక్ ఇచ్చిన కాగితాలు చూసి, వీటితో రుజువు కాదు అని చెప్పేసింది. అప్పటికే ఆయన పాత క్లెయిమ్ ఒకటి బీటలు వారుతోంది. 1906లో అలాస్కాలోని మెకిన్లీ పర్వతం, అంటే డెనాలీ అని కూడా పిలిచే శిఖరం, ఎక్కానని శిఖరం ఫొటో వేసుకున్నాడు. మేం శిఖరం ఎక్కనే లేదని వెంట వెళ్లిన వ్యక్తే ప్రమాణపత్రం రాసిచ్చాడు. 1910లో వేరే బృందం వెళ్లి చూస్తే ఆ ఫొటోలోని ‘శిఖరం’ అసలు శిఖరానికి దాదాపు 19 మైళ్ల దూరంలో ఉన్న చిన్న గుట్ట.

ఒక అబద్ధం బయటపడ్డాక మిగతావి ఎవరు నమ్ముతారు? ఇదే కుక్, బెల్జికా ఓడ అంటార్కిటిక్ మంచులో చిక్కుకున్నప్పుడు తాజా మాంసం తినిపించి సిబ్బందిని స్కర్వీ నుంచి కాపాడిన డాక్టర్. ఆ మంచి పేరు కూడా ఆయన్ని ఆదుకోలేదు.

చెక్ చేసేవాడు వెనక్కి వెళ్లాక

పియరీ కేసు ఇంత తేలిక కాదు. యాత్ర చివరి దశ దాకా ఆయనతో బాబ్ బార్ట్‌లెట్ ఉన్నాడు. ఓడ కెప్టెన్, సెక్స్‌టెంట్‌తో స్థానం లెక్కగట్టడం తెలిసినవాడు. 1909 ఏప్రిల్ 1న సుమారు 87 డిగ్రీల 47 నిమిషాల దగ్గర, ధ్రువానికి ఇంకా 133 నాటికల్ మైళ్లు ఉందనగా, పియరీ ఆయన్ని వెనక్కి పంపేశాడు. మిగిలింది 20 ఏళ్లకు పైగా వెంట తిరిగిన మాథ్యూ హెన్సన్, నలుగురు ఇన్యూట్‌లు: ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊకియా. మంచులో బతకడం, స్లెడ్జి నడపడం వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కానీ పియరీ లెక్కను స్వతంత్రంగా సరిచూడగలిగేవాళ్లు ఒక్కరూ లేరు. సరిగ్గా అక్కడి నుంచే పియరీ రోజువారీ వేగం దాదాపు రెట్టింపైంది. తిరుగు ప్రయాణంలో ఇంకా పెరిగింది.

టెక్ బ్లాగ్ రాసేవాణ్ని కాబట్టి నాకు తట్టే పోలిక ఇదీ: రిలీజ్‌కి ఐదు రోజుల ముందు కోడ్ రివ్యూ చేసే ఒకే ఒక్కణ్ని టీమ్ నుంచి తప్పించి, తర్వాత ‘అంతా సూపర్‌గా నడిచింది, అదీ డబుల్ స్పీడ్‌లో’ అని మెయిల్ పెడితే మేనేజర్ ఏమంటాడు?

అసలు చిక్కు లెక్కలో ఉంది. మన దగ్గరైతే మిట్టమధ్యాహ్నం సూర్యుడు అన్నిటికంటే ఎత్తుకొస్తాడు, ఆ ఎత్తు కొలిస్తే అక్షాంశం తేలుతుంది. ధ్రువం దగ్గర సూర్యుడు రోజంతా దాదాపు ఒకే ఎత్తులో చుట్టూ తిరుగుతాడు. మధ్యాహ్నం ఎప్పుడైందో తెలియాలంటే ముందు రేఖాంశం తెలియాలి. పియరీ దారిలో రేఖాంశం కొలవలేదు. పైగా కాళ్ల కింద ఉన్నది నేల కాదు, సముద్రం మీద కదిలే మంచు. మీరు తిన్నగా నడుస్తున్నా అది మిమ్మల్ని పక్కకు లాగేస్తుంటుంది.

పరిశీలన ఎలా జరిగిందో చూడండి. పియరీకి మద్దతిచ్చిన నేషనల్ జియోగ్రఫిక్ సొసైటీయే ముగ్గురితో కమిటీ వేసింది. వాళ్లు ఆయన పరికరాల పెట్టెను వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో తెరిచి చూసి ఓకే అనేశారు. తర్వాత కాంగ్రెస్ విచారణలో ఒక సభ్యుడికి డైరీ మరీ శుభ్రంగా ఉందని అనుమానం వచ్చింది: రోజూ జిడ్డు చేతులతో పెమ్మికన్ తినేవాడి పుస్తకం అంత నీట్‌గా ఎలా ఉంది? ధ్రువం చేరానన్న మాట డైరీ పేజీలో లేదు, విడిగా పెట్టిన కాగితం మీద ఉంది. అయినా 1911లో రియర్ అడ్మిరల్ హోదా దక్కింది.

1988లో అదే సొసైటీ డైరీని వాలీ హెర్బర్ట్ చేతికిచ్చింది. 1969లో తానే మంచు మీద నడిచి ధ్రువం చేరిన బ్రిటిష్ యాత్రికుడు. పియరీ చేరి ఉండకపోవచ్చని, పదుల మైళ్ల దూరంలో ఆగిపోయి ఉంటాడని తేల్చాడు. ఆ మరుసటి ఏడాది అదే సొసైటీ పిలిచిన ఇంకో సంస్థ, ఫొటోల్లోని నీడలు లెక్కగట్టి, లేదు, ఐదు మైళ్లలోపే ఉన్నాడంది. పియరీ కావాలని అబద్ధమాడాడని ఎవరూ నిరూపించలేదు. చేరాడనీ నిరూపించలేకపోయారు. నా ఓటు హెర్బర్ట్‌కే.

పోటీదారు జేబులో సాక్ష్యం

ఇప్పుడు అముండ్‌సెన్‌ను చూడండి. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరిన ఐదుగురిలో నలుగురికి నావిగేషన్ వచ్చు. చేరగానే సంబరం చేసుకుని బయల్దేరలేదు. కొలతలో తప్పుంటే ధ్రువం తప్పిపోకుండా ముగ్గురు స్కీల మీద మూడు దిక్కులకు వెళ్లి జెండాలు పాతారు. గంటగంటకూ సూర్యుణ్ని కొలిచారు. గుడారం వేసి, నార్వే రాజుకు ఒక ఉత్తరం, దాన్ని అందజేయమని రాబర్ట్ స్కాట్‌కు ఒక చీటీ పెట్టారు. 1912 జనవరిలో స్కాట్ బృందం అక్కడికి వచ్చి ఆ ఉత్తరం తీసుకుంది. తిరుగుదారిలో వాళ్లంతా చనిపోయారు. తర్వాత దొరికిన వాళ్ల సామానులో ఆ ఉత్తరం ఉంది. అముండ్‌సెన్ గెలిచాడనడానికి సాక్ష్యం పోటీదారు దగ్గరే దొరికింది.

ఇంజినీరింగ్ ల్యాబ్‌లో మనకు అబ్జర్వేషన్ బుక్ ఒకటి, రికార్డ్ ఒకటి ఉంటాయి కదా. రీడింగ్ తేడా వస్తే అబ్జర్వేషన్‌లో చెరిపేసి రికార్డ్‌లో ‘కరెక్ట్’ విలువ రాయడం మనందరికీ తెలిసిన విద్యే. రిచర్డ్ బైర్డ్ కథ వినండి. 1926 మే 9న స్పిట్స్‌బెర్గెన్ నుంచి విమానంలో ధ్రువం మీదికి వెళ్లొచ్చానన్నాడు. అత్యున్నత మెడల్ కూడా ఇచ్చారు. 70 ఏళ్లకు ఆయన డైరీ బయటపడింది. అందులో చెరిపేసిన సెక్స్‌టెంట్ అంకెలు ఇంకా కనిపిస్తున్నాయి, అవి అధికారిక నివేదికతో కలవడం లేదు.

కాబట్టి మీ ప్రాజెక్టులో ఫెయిలైన రీడింగులు, పాత కమిట్లు, గైడ్‌కు పెట్టిన మెయిళ్లు ఉంచుకోండి. నలుగురు చేసిన పనిలో మీ భాగమెంతో అంతే రాయండి. ఇంటర్వ్యూలో ‘ఈ మాడ్యూల్ ఎలా టెస్ట్ చేశారు?’ అన్నప్పుడు చూపించడానికి అవే ఉంటాయి.

పరీక్షలో ఆప్షన్లలో పియరీ ఉంటే పియరీకే బబుల్ చేయండి, మార్కు ‘కీ’ని బట్టే పడుతుంది. ఇంటర్వ్యూ బోర్డు అడిగితే వివాదం సంగతి చెప్పి, ఇంకో మూడు పేర్లు చెప్పండి. 1926 మే 12న అముండ్‌సెన్, ఎల్స్‌వర్త్, నోబిలే నార్జ్ ఎయిర్‌షిప్‌లో ధ్రువం మీదుగా ఎగిరారు. 1968లో రాల్ఫ్ ప్లెయిస్టెడ్ స్నోమొబైల్ మీద చేరాడు, పైన వచ్చిన అమెరికా వైమానిక దళం విమానం ఆయన స్థానాన్ని నిర్ధారించింది. 1969లో హెర్బర్ట్. నార్జ్ బయల్దేరిన న్యూ ఆలెసుండ్‌లోనే 2008 నుంచి మన దేశపు ఆర్కిటిక్ కేంద్రం ‘హిమాద్రి’ నడుస్తోంది. ఆ ఎయిర్‌షిప్‌ను కట్టిన ఇనుప స్తంభం ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.